ఒక్క ఏడాది... నలుగురు విజేతలు!

అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌కి నూటయాభై ఏళ్లు దాటాయి. శనివారం వచ్చిందంటే లక్షమంది పట్టే మైదానాలు కిక్కిరిసిపోతాయి. ఇంత పెద్ద ఆటలో ‘ఫలానా ఏడాది జాతీయ ఛాంపియన్ ఎవరు?’ అని అడిగితే మాత్రం చాలాసార్లు ఒక్క జవాబు దొరకదు. రెండు, మూడు, ఒక్కోసారి నాలుగు పేర్లు వినిపిస్తాయి. ఎవరి గోడ మీద వారి పేరే ఉంటుంది. ఎందుకిలా?

1951 జనవరి 1. న్యూ ఆర్లీన్స్‌లో షుగర్ బౌల్ మ్యాచ్. ఒకవైపు ఓక్లహోమా విశ్వవిద్యాలయం. వరసగా 31 మ్యాచ్‌లు గెలిచి వచ్చిన జట్టు అది. అప్పటికి కొన్ని వారాల ముందే పత్రికలూ కోచ్‌లూ ఓట్లేసి 1950 సీజన్‌కి దాన్నే ఛాంపియన్‌గా ప్రకటించేశారు. ఎదురుగా కెంటకీ. ఆట ముగిసేసరికి కెంటకీ 13, ఓక్లహోమా 7. ఛాంపియన్ ఓడిపోయింది. అయినా టైటిల్ చెక్కుచెదరలేదు. ఎందుకంటే ఓట్ల లెక్కింపు ఎప్పుడో అయిపోయింది!

పోనీ, కెంటకీదే అసలు విజయం అనుకుందామా? ఆ సీజన్‌లో కెంటకీని టెనెసీ 7-0తో ఓడించింది. అయితే టెనెసీ అనుకుందామా? దాన్ని మిసిసిపీ స్టేట్ 7-0తో ఓడించింది. ఈ గొడవకి దూరంగా, ఈశాన్యంలో ప్రిన్స్‌టన్ తొమ్మిది మ్యాచ్‌లు ఆడి తొమ్మిదీ గెలిచింది. ఈ రోజు ఓక్లహోమా, టెనెసీ, కెంటకీ, ప్రిన్స్‌టన్... నాలుగు విశ్వవిద్యాలయాలూ 1950 జాతీయ టైటిల్ తమదేనంటాయి. నాలుగింటి దగ్గరా ఏదో ఒక ఆధారం ఉంది. ఏదీ పచ్చి అబద్ధం కాదు. అలాగని తిరుగులేని నిజమూ కాదు.

నిర్ణేత లేని ఆట

ఇది మనం ఫుట్‌బాల్ అని పిలుచుకునే ఆట కాదు. కోలగా ఉండే బంతిని చేత్తో పట్టుకుని దూసుకుపోతూ, విసురుతూ, శిరస్త్రాణాలు పెట్టుకుని ఢీకొంటూ ఆడే అమెరికన్ ఫుట్‌బాల్. అందులోనూ విశ్వవిద్యాలయాల విద్యార్థులు ఆడేది. టెక్సస్‌కో మిషిగన్‌కో చదువుకోవడానికి వెళ్లిన తెలుగు విద్యార్థులకు శనివారాల ఆ సందడి కొత్తేమీ కాదు. మిషిగన్ స్టేడియంలో 1,07,000 మందికి పైగా కూర్చోవచ్చు.

కళాశాల క్రీడల్ని నడిపించే ఎన్‌సీఏఏ అనే సంస్థ 1906లో పుట్టింది. బాస్కెట్‌బాల్‌లో 1939 నుంచి టోర్నమెంటు పెట్టి విజేతను తేలుస్తోంది. ఫుట్‌బాల్‌లోనూ కింది స్థాయి విభాగాలకు 1970ల నుంచి పోటీలు పెడుతోంది. కానీ కోట్లమంది చూసే అగ్రశ్రేణి విభాగంలో మాత్రం ఇప్పటివరకూ ఒక్క ఏడాది కూడా అది ఛాంపియన్‌ని ప్రకటించలేదు.

దీనికి కారణాలున్నాయి. జట్లు వందకు పైగా, సీజన్‌లో ఒక్కో జట్టు ఆడేది పది పన్నెండు మ్యాచ్‌లు. దేశానికి ఈ చివరనున్న జట్టూ ఆ చివరనున్న జట్టూ ఎదురుపడేదే అరుదు. పైగా సీజన్ చివర జరిగే రోజ్ బౌల్, షుగర్ బౌల్, కాటన్ బౌల్, ఆరెంజ్ బౌల్ లాంటి మ్యాచ్‌లు ఆయా నగరాల కమిటీలవి. వాటికి సొంత ఒప్పందాలు, సొంత సంప్రదాయాలు, సొంత ఆదాయం. వాటిని కాదని అందరూ కలిసి ఒక ఫైనల్ పెట్టుకోవడం దశాబ్దాలపాటు కుదరలేదు. మన రంజీ ట్రోఫీలో నాకౌట్లూ ఫైనలూ లేకుండా, సీజన్ చివర క్రీడావిలేకరులు కూర్చుని ‘ఈసారి ముంబయి మేటి’, ‘కాదు, కర్ణాటక’ అని ఓట్లేస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి. దశాబ్దాలపాటు ఈ ఆట నడిచింది అలాగే.

ఎన్‌సీఏఏ చేసిందల్లా ఒక రికార్డు పుస్తకం వేయడం. ఏ ఏడాది ఏ పత్రిక, ఏ గణితజ్ఞుడు, ఏ సంస్థ ఎవర్ని మేటిగా ఎంచిందో అందులో వరసగా రాసి ఉంటుంది. ‘వీటిలో ఏది సరైనది?’ అన్న ప్రశ్న జోలికి అది వెళ్లదు. అందుకే తనకు నచ్చిన వరసను చూపించి ‘టైటిల్ మాదే’ అనుకునే వెసులుబాటు ప్రతి విశ్వవిద్యాలయానికీ దక్కింది.

వెనక్కి వెళ్లి పెట్టిన కిరీటాలు

మొట్టమొదటి మ్యాచ్ 1869 నవంబరు 6న న్యూజెర్సీ రాష్ట్రంలోని న్యూ బ్రన్స్‌విక్‌లో జరిగింది. రట్గర్స్ 6-4తో ప్రిన్స్‌టన్‌ని ఓడించింది. వారం తర్వాత ప్రిన్స్‌టన్ 8-0తో బదులు తీర్చుకుంది. మూడో మ్యాచ్ జరగనే లేదు. ఆ సీజన్ మొత్తానికి మ్యాచ్‌లు రెండే, జట్లూ రెండే. జాబితాల్లో ఆ ఏడాది ఛాంపియన్లుగా ఆ రెండూ ఉన్నాయి. ఆడిన ప్రతి జట్టూ ఛాంపియన్ అయిన సీజన్ అది!

ఆ కాలపు టైటిళ్లు ఎక్కువగా ఒక మనిషి చేతి మీదుగా వచ్చినవి. పార్క్ హెచ్. డేవిస్ ఒకప్పుడు ప్రిన్స్‌టన్ ఆటగాడు, తర్వాత కోచ్, ఆపైన న్యాయవాది, ఆట చరిత్రకారుడు. పాత రికార్డులన్నీ తిరగేసి 1869 నుంచీ ఎవరెవరు మేటి జట్లో రాసిపెట్టాడు. 1930ల తొలినాళ్లలో స్పాల్డింగ్ వారి ఫుట్‌బాల్ గైడులో ఆ జాబితా అచ్చయింది. అంటే అరవయ్యేళ్ల కిందటి విజేతను అప్పుడు తేల్చారన్నమాట. ఈ రోజు ప్రిన్స్‌టన్ చెప్పుకునే 28 టైటిళ్లలో, యేల్ చెప్పుకునే 27 టైటిళ్లలో పాతవాటికి డేవిస్ లాంటివాళ్ల జాబితాలే ఆధారం. 1896లో ప్రిన్స్‌టన్‌తో పాటు లఫాయెట్ అనే చిన్న కళాశాలనూ ఆయన ఛాంపియన్‌గా రాశాడు. ఆ ఏడాది ఆ రెండూ తలపడితే మ్యాచ్ 0-0తో ముగిసింది కాబట్టి అందులో న్యాయం లేకపోలేదు. కానీ ఆ సీజన్‌లో లఫాయెట్ కోచ్ ఎవరో కాదు... పార్క్ డేవిసే! ఒకప్పుడు తాను ఆడిన జట్టునూ, తాను శిక్షణ ఇచ్చిన జట్టునూ తానే విజేతలుగా ఎంచిన ఆ జాబితా ఇప్పటికీ రికార్డు పుస్తకంలో ఉంది.

తర్వాత లెక్కల మాస్టార్లు వచ్చారు. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం చెప్పే ఫ్రాంక్ డికిన్సన్ గెలుపోటములకీ, ప్రత్యర్థి బలానికీ పాయింట్లు కట్టి జట్లకు ర్యాంకులిచ్చే పద్ధతి తయారుచేశాడు. షికాగో దుస్తుల వ్యాపారి జాక్ రిస్మన్ దానికి ఒక ట్రోఫీ ఇస్తానన్నాడు. 1926లో అది మొదలవుతోందనగా నోటర్‌డేమ్ కోచ్ న్యూట్ రాక్నీ వాళ్లిద్దరితో మాట్లాడి, లెక్కను రెండేళ్లు వెనక్కి జరపమని ఒప్పించాడు. 1924లో నోటర్‌డేమ్ ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు మరి! ఆ ట్రోఫీ మీద మొదటి పేరు నోటర్‌డేమ్‌దే అయింది. వెనక్కి వెళ్లి కిరీటం పెట్టుకునే అలవాటు నేటిది కాదనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

విలేకరుల ఓటు

అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ క్రీడాసంపాదకుడు అలన్ గూల్డ్ 1936లో దేశవ్యాప్తంగా పత్రికల క్రీడాసంపాదకుల చేత వారంవారం ఓట్లు వేయించడం మొదలుపెట్టాడు. ఆయన ఉద్దేశంలో దాపరికమేమీ లేదు. జనం మాట్లాడుకోవాలి, వాదించుకోవాలి, పత్రికలు చదవాలి. అంతకుముందు ఏడాది ఆయన తన సొంత అంచనాతో మిన్నెసోటా, ప్రిన్స్‌టన్, సదరన్ మెథడిస్ట్ జట్లను సమానంగా మొదటి స్థానంలో నిలిపితే అభిమానులు మండిపడ్డారు. ఆ రగడ నుంచి పుట్టిన ఆలోచనే ఈ పోల్. తొలి ఏడాది విజేత మిన్నెసోటా. ఆ సీజన్‌లో మిన్నెసోటాని 6-0తో ఓడించిన నార్త్‌వెస్టర్న్‌కి మాత్రం టైటిల్ దక్కలేదు. 1950 నుంచి యునైటెడ్ ప్రెస్ సంస్థ కోచ్‌ల చేత ఓట్లు వేయించసాగింది. అలా ఒకే సీజన్‌కి రెండు పెద్ద తీర్పులు తయారయ్యాయి.

నల్లజాతి విద్యార్థుల కళాశాలలు మాత్రం ఈ లెక్కల్లోకి రానేలేదు. జాతి వివక్ష వాళ్లని వేరే మైదానాలకు పరిమితం చేసింది. పిట్స్‌బర్గ్ కొరియర్ అనే నల్లజాతి వారపత్రిక 1920 నుంచి వాళ్లలో మేటి జట్టుని ఎంచుతూ వచ్చింది. గ్రామ్‌బ్లింగ్ కోచ్ ఎడ్డీ రాబిన్సన్ 408 విజయాలు సాధించాడు, ఫ్లోరిడా ఏ అండ్ ఎం కోచ్ జేక్ గేథర్ రెండు వందలకు పైగా గెలిచాడు. ‘జాతీయ’ ఛాంపియన్ అన్న మాటలో ఆ జట్లకు చోటే లేని దశాబ్దాలవి.

ముందు తీర్పు... తర్వాత ఆట

అన్నిటికన్నా పెద్ద చిక్కు తేదీలతో వచ్చింది. బౌల్ మ్యాచ్‌లను బహుమానపు ఆటలుగా, సీజన్‌కి సంబంధం లేనివిగా చూసేవారు. అందుకని డిసెంబరు మొదట్లోనే ఆఖరి ఓటింగ్ ముగించేవారు. 1947లో నోటర్‌డేమ్‌ని ఛాంపియన్‌గా ఎంచాక, రోజ్ బౌల్‌లో మిషిగన్ 49-0తో సదరన్ కాలిఫోర్నియాని చిత్తు చేసింది. కలకలం రేగి అసోసియేటెడ్ ప్రెస్ మళ్లీ ఓట్లు వేయిస్తే మిషిగన్‌కి 226, నోటర్‌డేమ్‌కి 119. అయినా మొదటి ఓటింగే చెల్లుతుందన్నారు. ఇద్దరూ ఆ టైటిల్ తమదే అంటారు.

1964 నుంచి 1966 దాకా జరిగిన కథ వింటే ఈ ఆట ఎంత దయలేనిదో తెలుస్తుంది. 1964లో రెండు పోల్‌లూ అలబామాకి టైటిల్ ఇచ్చాయి. ఆ తర్వాత ఆరెంజ్ బౌల్‌లో అలబామా 17-21తో టెక్సస్ చేతిలో ఓడింది. అదే టెక్సస్‌ని సీజన్‌లో 14-13తో ఓడించిన ఆర్కన్సా, కాటన్ బౌల్‌లో నెబ్రాస్కానీ ఓడించి, 11 మ్యాచ్‌లకు 11 గెలిచింది. బౌల్‌లు అయ్యాక ఓటేసిన ఫుట్‌బాల్ రచయితల సంఘం ఆర్కన్సాని విజేతగా గుర్తించి ట్రోఫీ ఇచ్చింది. ఆ జట్టు ఆటగాళ్లలో జెర్రీ జోన్స్ ఒకడు. ఇప్పుడు డాలస్ కౌబాయ్స్ అనే ప్రొఫెషనల్ జట్టు యజమాని.

విమర్శలు రావడంతో 1965లో అసోసియేటెడ్ ప్రెస్ ఓటింగ్‌ని బౌల్‌ల తర్వాతకి మార్చింది. ఈసారి లాభపడిందీ అలబామాయే. నాలుగో ర్యాంకులో ఉన్న ఆ జట్టు ఆరెంజ్ బౌల్‌లో నెబ్రాస్కాని ఓడించింది. అదే రోజు మొదటి ర్యాంకు మిషిగన్ స్టేట్, రెండో ర్యాంకు ఆర్కన్సా కూడా ఓడిపోయాయి. టైటిల్ అలబామా ఒళ్లో వాలింది. ముందే ఓటేసిన కోచ్‌ల పోల్ మాత్రం మిషిగన్ స్టేట్‌కే కట్టబెట్టింది.

1966లో అసోసియేటెడ్ ప్రెస్ మళ్లీ పాత పద్ధతికి వెళ్లిపోయింది. ఆ ఏడాది అలబామా 11 మ్యాచ్‌లకు 11 గెలిచింది. అయినా దక్కింది మూడో స్థానమే!

10-10

1966 నవంబరు 19న ఈస్ట్ లాన్సింగ్‌లో మొదటి ర్యాంకు నోటర్‌డేమ్, రెండో ర్యాంకు మిషిగన్ స్టేట్ తలపడ్డాయి. దేశమంతా టీవీల ముందు కూర్చుంది. చివరి నిమిషాల్లో స్కోరు 10-10. బంతి నోటర్‌డేమ్ చేతిలో ఉంది. అప్పుడు కోచ్ ఆరా పర్సీగియన్ గెలుపు కోసం తెగించలేదు. బంతిని భద్రంగా దగ్గర పెట్టుకుని గడియారం అయిపోయేదాకా ఆడించాడు. మ్యాచ్ డ్రా. అప్పట్లో నోటర్‌డేమ్ బౌల్ మ్యాచ్‌లు ఆడేది కాదు. వరసగా రెండేళ్లు ఒకే జట్టు రోజ్ బౌల్‌కి వెళ్లకూడదన్న తమ లీగు నిబంధన వల్ల మిషిగన్ స్టేట్‌కీ అవకాశం లేదు. ఇద్దరూ బౌల్ ఆడకుండానే సీజన్ ముగించారు. రెండు పోల్‌లూ నోటర్‌డేమ్‌నే ఎంచాయి. మిషిగన్ స్టేట్ కూడా ఆ ఏడాది టైటిల్‌లో తన వాటా చెప్పుకుంటుంది.

ఒక్కటీ ఓడని, ఒక్కటీ డ్రా చేసుకోని అలబామాకి ఓట్లెందుకు పడలేదు? ప్రత్యర్థులు బలహీనులన్నారు కొందరు. అంతకన్నా బరువైన కారణమూ ఉంది. అలబామా అప్పటికి తెల్లవాళ్లు మాత్రమే ఆడే జట్టు. పౌరహక్కుల ఉద్యమం దేశాన్ని కుదిపేస్తున్న రోజులు. దక్షిణాది విశ్వవిద్యాలయాలు కాదన్న బుబ్బా స్మిత్ లాంటి నల్లజాతి యువకులు టెక్సస్, కరొలైనాల నుంచి మిషిగన్ స్టేట్‌కి వెళ్లి అక్కడ తారలయ్యారు. దేశంలో సగం ప్రతిభకు తలుపులు మూసిన జట్టుని దేశానికే మేటి అనడానికి ఎందరికో మనసు రాలేదు. అలబామా తరఫున నల్లజాతి ఆటగాడు బరిలోకి దిగింది 1971లో. ఆ జట్టు కుర్రాళ్ల ఆటలో లోపం లేదు. వాళ్ల విశ్వవిద్యాలయం పాటించిన వివక్షలో ఉంది. ఆ భారం మోసింది మాత్రం వాళ్లే.

అధ్యక్షుడి ఫలకం

1969 డిసెంబరు 6న ఫయెట్‌విల్‌లో టెక్సస్, ఆర్కన్సా మ్యాచ్‌కి అధ్యక్షుడు రిచర్డ్ నిక్సన్ స్వయంగా వెళ్లాడు. టెక్సస్ 15-14తో గెలిచాక లాకర్ రూమ్‌లోకి వెళ్లి, దేశంలోకెల్లా మేటి జట్టు మీదేనంటూ ఫలకం అందించాడు. బౌల్ మ్యాచ్‌లు ఇంకా జరగనేలేదు. అటు పెన్ స్టేట్ కూడా ఒక్కటీ ఓడలేదు. చివరికి 11కి 11 గెలిచింది. పెన్ స్టేట్ కోచ్ జో పటర్నో ఈ గాయాన్ని మర్చిపోలేదు. 1973లో స్నాతకోత్సవంలో మాట్లాడుతూ, 1969లో ఫుట్‌బాల్ గురించి అంత తెలిసిన నిక్సన్‌కి 1973లో వాటర్‌గేట్ కుంభకోణం గురించి ఇంత తక్కువ ఎలా తెలుసని నిలదీశాడు.

కోచ్‌ల పోల్ ఇంకొన్నేళ్లు పాత పద్ధతినే పట్టుకు వేలాడింది. 1970లో అది టెక్సస్‌ని ఎంచింది, టెక్సస్ కాటన్ బౌల్‌లో ఓడిపోయింది. 1973లో అలబామాని ఎంచింది. షుగర్ బౌల్‌లో నోటర్‌డేమ్ ఆ అలబామాని 24-23తో ఓడించింది. అసోసియేటెడ్ ప్రెస్ నోటర్‌డేమ్‌కి టైటిల్ ఇచ్చింది. ఈ రెండు విశ్వవిద్యాలయాలూ 1973ని తమ ఖాతాలోనే వేసుకున్నాయి. మరుసటి ఏడాది నుంచి కోచ్‌లూ బౌల్‌ల తర్వాతే ఓటు వేయసాగారు.

ఐదో ప్రయత్నం

అయినా చిక్కులు తీరలేదు. 1978లో బర్మింగ్‌హామ్‌కి వచ్చి మరీ సదరన్ కాలిఫోర్నియా 24-14తో అలబామాని ఓడించింది. సీజన్ చివర రెండిటికీ ఒక్కో ఓటమి. విలేకరులు అలబామాకి, కోచ్‌లు సదరన్ కాలిఫోర్నియాకి టైటిల్ ఇచ్చారు.

1990 ఇంకా విచిత్రం. ఈ ఆటలో పది గజాలు ముందుకెళ్లడానికి ఒక జట్టుకి నాలుగు ప్రయత్నాలే ఉంటాయి. అక్టోబరు 6న మిస్సోరితో ఆడుతున్న కొలరాడోకి ఆఖరి క్షణాల్లో రిఫరీలు లెక్క తప్పి ఐదో ప్రయత్నం ఇచ్చేశారు. ఆ ఐదోదాంట్లోనే కొలరాడో గీత దాటి 33-31తో గెలిచింది. తప్పు ఒప్పుకున్నా ఫలితం మారలేదు. ఒక ఓటమి, ఒక డ్రా ఉన్న కొలరాడోని విలేకరులు ఛాంపియన్‌గా ఎంచారు. కోచ్‌లు మాత్రం ఓటమే లేని జార్జియా టెక్ వైపు మొగ్గారు. ఆ పోల్‌లో తేడా ఎంతో తెలుసా? 847 పాయింట్లకు 846. ఒక్కటంటే ఒక్క పాయింటు!

1991లో మయామి, వాషింగ్టన్ రెండూ 12కి 12 గెలిచాయి. 1997లో మిషిగన్, నెబ్రాస్కా రెండూ అజేయంగా నిలిచాయి. రెండుసార్లూ జట్లు ఒకరినొకరు చూడనైనా లేదు. రెండుసార్లూ టైటిల్ రెండు ముక్కలైంది.

కంప్యూటర్లొచ్చినా...

1998లో మొదటి రెండు ర్యాంకుల జట్ల మధ్య ఫైనల్ పెట్టే బీసీఎస్ పద్ధతి వచ్చింది. పోల్‌లనూ కంప్యూటర్ ర్యాంకింగులనూ కలిపి ఆ ఇద్దరినీ తేల్చేవారు. 2003లో సదరన్ కాలిఫోర్నియా రెండు పోల్‌లలోనూ మొదటి స్థానంలో ఉన్నా మొత్తం లెక్కలో మూడోదైంది. లీగు ఫైనల్లో కాన్సస్ స్టేట్ చేతిలో 35-7తో చిత్తయిన ఓక్లహోమా మాత్రం ఫైనల్‌కి వెళ్లింది. ఆ ఫైనల్లో గెలిచిన లూసియానా స్టేట్‌కి కోచ్‌ల టైటిల్, సదరన్ కాలిఫోర్నియాకి విలేకరుల టైటిల్ దక్కాయి. ఫైనల్ విజేతకే ఓటేయాలని కోచ్‌లకు ఒప్పందం ఉంది. అయినా ముగ్గురు కోచ్‌లు దాన్ని పక్కనపెట్టి సదరన్ కాలిఫోర్నియాకే వేశారు.

2004 సీజన్ ఫైనల్లో సదరన్ కాలిఫోర్నియా ఓక్లహోమాని 55-19తో ఊడ్చేసింది. ఆ జట్టు ఆటగాడు రెగీ బుష్ నిబంధనలకు విరుద్ధంగా లాభాలు పొందాడని తేలాక, 2011లో బీసీఎస్ ఆ టైటిల్‌ని రద్దు చేసింది. అసోసియేటెడ్ ప్రెస్ మాత్రం తన తీర్పు మార్చుకోలేదు. ఆ సీజన్‌లో 13కి 13 గెలిచినా ఫైనల్ ఆడే అవకాశం రాని ఆబర్న్ చాలా ఏళ్లు ఆ ఖాళీ కుర్చీ వైపు చూస్తూ ఉండిపోయింది.

2014లో నాలుగు జట్ల ప్లేఆఫ్ వచ్చింది. 2017లో సెంట్రల్ ఫ్లోరిడా 13 మ్యాచ్‌లూ గెలిచింది. రెండేళ్ల ముందు 12కి 12 ఓడిన జట్టు అది! పెద్ద లీగు జట్టు కాదు, ప్లేఆఫ్‌కి పిలుపు రాలేదు. పీచ్ బౌల్‌లో అది ఓడించిన ఆబర్న్, అదే సీజన్‌లో ఫైనలిస్టులు అలబామా, జార్జియా రెండిటినీ ఓడించింది. సెంట్రల్ ఫ్లోరిడా తనను తాను ఛాంపియన్‌గా ప్రకటించుకుంది. డిస్నీ వరల్డ్‌లో ఊరేగింపు తీసింది, కోచ్‌లకు టైటిల్ బోనస్‌లు ఇచ్చింది. చాలామంది వెక్కిరించారు. కానీ కాలీ మ్యాట్రిక్స్ అనే కంప్యూటర్ ర్యాంకింగులో ఆ జట్టే మొదటిది. రికార్డు పుస్తకంలో ఆ పేరూ చేరింది.

తవ్వి తీసిన టైటిళ్లు

ఇంతవరకూ చెప్పినవాటిలో ఎక్కువ భాగం ఆయా సీజన్లలోనే పుట్టిన వివాదాలు. ఆడినవాళ్లు బరిలో ఉండగానే చెమటతో, కన్నీళ్లతో చేసిన దావాలు. వీటికి భిన్నంగా దశాబ్దాల తర్వాత కార్యాలయాల్లో పుట్టినవి మరికొన్ని ఉన్నాయి.

1941లో అలబామా రెండు మ్యాచ్‌లు ఓడింది. సొంత లీగు టైటిల్ కూడా గెలవలేదు. తనని 14-0తో ఓడించిన మిసిసిపీ స్టేట్ దాన్ని ఎగరేసుకుపోయింది. అసోసియేటెడ్ ప్రెస్ పోల్‌లో అలబామాది ఇరవయ్యో స్థానం. హూల్‌గేట్ అనే ఒక్క ర్యాంకింగు దాన్ని మొదటిదిగా చూపింది. 1980లలో విశ్వవిద్యాలయం ప్రచురించిన మీడియా గైడులో ఆ ఏడాదీ టైటిళ్ల వరసలో చేరింది. ఇప్పుడు అలబామా చెప్పుకునే 18లో అదొకటి. 11కి 11 గెలిచిన 1966 మాత్రం ఆ 18లో లేదు!

2012లో పెద్ద లీగుకి మారేటప్పుడు టెక్సస్ ఏ అండ్ ఎం 1919, 1927లను తన జాబితాలో కలుపుకుంది. 1919 జట్టు పది మ్యాచ్‌ల్లో ఎదుటివాళ్లకి ఒక్క పాయింటూ ఇవ్వని మాట నిజం. మొత్తం స్కోరు 275-0. 2016లో కోచ్‌ల సంఘం కమిటీ ఒకటి పాత రికార్డులు చూసి 1945 టైటిల్‌ని ఓక్లహోమా స్టేట్‌కి ప్రకటించింది. 71 ఏళ్లు ఆలస్యంగా! ఆ ఏడాది అసలు పోల్ విజేత, అజేయంగా నిలిచిన సైనిక అకాడమీ జట్టు ఆర్మీ. 2025 ఆగస్టులో ఆబర్న్ ఒక్కసారిగా తన టైటిళ్లని రెండు నుంచి తొమ్మిదికి పెంచుకుంది. వాటిలో 2004 ఉంది, 1910 కూడా ఉంది.

ఆ తొమ్మిదిలో 1993 గురించి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. నిబంధనల ఉల్లంఘనకు శిక్షగా ఆ ఏడాది ఆబర్న్ బౌల్‌కీ టీవీకీ దూరమైంది. కోచ్ టెర్రీ బౌడెన్ నడిపిన ఆ జట్టు 11కి 11 గెలిచింది. పోల్‌ల టైటిల్ గెలిచిన ఫ్లోరిడా స్టేట్ కోచ్ బాబీ బౌడెన్ స్వయానా టెర్రీ తండ్రి. ఆ ఫ్లోరిడా స్టేట్‌ని సీజన్‌లో నోటర్‌డేమ్ 31-24తో ఓడించింది. కొన్ని ర్యాంకింగులు నోటర్‌డేమ్‌నే మొదటిదన్నాయి కూడా. కానీ నోటర్‌డేమ్ ఆ టైటిల్ చెప్పుకోదు. 1936 తర్వాత ప్రధాన పోల్‌లు తనకివ్వని ఏ ఏడాదినీ అది లెక్కలో వేసుకోదు. జాబితా పొడిగించుకునే వీలుండీ 11 దగ్గరే ఆగింది.

ఇలా పాతవి తవ్వడంలో లాభం లేకపోతే ఎవరూ తవ్వరు. గోడ మీది సంఖ్య చూసి కొత్త ఆటగాళ్లు వస్తారు, పూర్వవిద్యార్థులు విరాళాలిస్తారు, టికెట్లూ జెర్సీలూ అమ్ముడవుతాయి. పక్క విశ్వవిద్యాలయం పెంచుకుంటే మనమెందుకు ఊరుకోవాలన్న పంతమూ ఉంటుంది.

అలాగని ఆలస్యంగా వచ్చిన ప్రతి దావానీ కొట్టిపారేయడం తప్పు. తొలిరోజుల్లో ఆటకి పేరు తెచ్చేది ఎక్కువగా ఈశాన్య నగరాల పత్రికలే. టెక్సస్ పల్లె మైదానంలో 275-0 సాధించిన జట్టు సంగతి న్యూయార్క్ విలేకరికి తెలిసే అవకాశం తక్కువ. అలాంటి జట్లకు చరిత్రకారులు వెనక్కి వెళ్లి న్యాయం చేయడం మంచిదే. దోషం ఆ వెతుకులాటలో లేదు. రెండు ఓటములతో ఇరవయ్యో స్థానంలో నిలిచిన సీజన్‌కీ, అందర్నీ ఓడించిన సీజన్‌కీ ఒకే సైజు అక్షరాలు వేయడంలో ఉంది. దానివల్ల నష్టపోయేది నిజంగా గెలిచినవాళ్లే. 1964 ఆర్కన్సా కుర్రాళ్లూ, 1969 పెన్ స్టేట్ కుర్రాళ్లూ ఒక్కటీ ఓడకుండా సీజన్ ముగించారు. వాళ్ల కష్టాన్ని, 1941 లాంటి దావాల పక్కన నిలబెట్టి అదీ ఇదీ ఒకటే అనడం అన్యాయం.

చేయాల్సింది పెద్ద పనేమీ కాదు. గోడ మీద ఏడాది రాసిన ప్రతిచోటా కింద రెండు మాటలు చేర్చాలి: ఆ టైటిల్ ఎవరిచ్చారు, ఎప్పుడిచ్చారు. ‘1973, కోచ్‌ల పోల్, బౌల్‌కి ముందు’ అని రాస్తే అలబామా గౌరవం తగ్గదు. ‘1945, కోచ్‌ల సంఘం కమిటీ, 2016’ అని రాస్తే ఓక్లహోమా స్టేట్ ఆటగాళ్ల ఘనతా తగ్గదు. ఎన్‌సీఏఏ తన పుస్తకంలో ఎటూ ఈ వివరాలు ఉంచుతోంది. వాటిని స్టేడియం గోడల దాకా తేవాల్సింది విశ్వవిద్యాలయాలే.

2024 నుంచి ప్లేఆఫ్‌లో 12 జట్లు ఆడుతున్నాయి. ఇప్పుడు మైదానంలోనే ఎక్కువ తేలుతోంది. అయినా ఆ ట్రోఫీని ఇస్తున్నది లీగులు కలిసి నడిపే సంస్థే తప్ప ఎన్‌సీఏఏ కాదు. మీ పిల్లల చదువు పుణ్యమా అని అలబామా జట్టు ఉండే టస్కలూసాకో, ఆబర్న్‌కో, టెక్సస్ ఏ అండ్ ఎం ఉండే కాలేజ్ స్టేషన్‌కో వెళితే స్టేడియం మీద వరసగా రాసిన ఏడాదులు కనిపిస్తాయి. ఒక్కో ఏడాదినీ ఎవరు ఇచ్చారో, ఎప్పుడు ఇచ్చారో అడిగి తెలుసుకోండి.